ప్రశ్న లేని ప్రశ్నపత్రం

తెలుగు సాహిత్యం పరీక్షల్లో మనం విద్యార్థులను ప్రశ్నలు అడుగుతున్నామని అనుకుంటూ ఉంటాం. నిజానికి మనం అడగటం లేదు. ఈ వేసవిలో మా శాఖ బీరువా సర్దుతూ, పది పన్నెండేళ్ళ డిగ్రీ తెలుగు ప్రశ్నపత్రాలు దొరికితే, వాటిని వరసగా బల్లమీద పరుచుకుని చదివాను. చివర ప్రశ్నార్థకం ఉన్న వాక్యాలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవన్నీ ఆజ్ఞలు. వివరింపుము, విశదీకరింపుము, నిరూపింపుము, సమీక్షింపుము, సందర్భసహిత వ్యాఖ్య వ్రాయుము, ప్రతిపదార్థ తాత్పర్యములు వ్రాయుము. మూడు గంటలసేపు ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టి ఆజ్ఞలు జారీచేసి, ఆ కాగితానికి ప్రశ్నపత్రమని పేరు పెట్టుకున్నాం.

ఆ క్రియాపదాల భాషను కూడా గమనించండి. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ అసమ్మతి పత్రం సమర్పించాడు. గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడాడు. చివరికి వ్యావహారికం పత్రికల్లో గెలిచింది, కథల్లో గెలిచింది, విమర్శలో గెలిచింది, విద్యార్థి రాసే జవాబులోనూ గెలిచింది. అతన్ని జవాబు రాయమనే వాక్యంలో మాత్రం గెలవలేదు. నేటికీ గ్రాంథికం నిశ్చింతగా తలదాచుకునే చోట్లు రెండే రెండు కనిపిస్తున్నాయి నాకు: పెళ్ళి శుభలేఖ, ప్రశ్నపత్రం. రెండుచోట్లా ఎదుటివాడు మారు మాట్లాడకూడదన్న నమ్మకం ఉంది కాబట్టేనేమో!

ఇది భాషకు సంబంధించిన చిన్న చిక్కే అయితే ఇంత రాయనవసరం లేదు. “గురజాడ సంఘసంస్కర్త అని కన్యాశుల్కము ఆధారముగా నిరూపింపుము” అన్న వాక్యాన్ని తీసుకోండి. ఇందులో తీర్పు ముందే ఇచ్చేశారు. విద్యార్థి చెయ్యవలసిందల్లా ఆ తీర్పుకు సాక్ష్యాలు పోగుచెయ్యటం. గురజాడ సంస్కర్త అవునా, ఎంతవరకు అవును, ఆయన నవ్వు ఎవరిమీద, ఎవరిని చూసి ఆయన నవ్వలేదు అని ఆలోచించే కుర్రవాడు ఈ వాక్యం దగ్గర ఆగిపోతాడు. ఆలోచించనివాడు నాలుగు పేజీలు నింపుతాడు. మార్కులు రెండోవాడివి. గైడు పుట్టింది ఇక్కడే. తీర్పు తెలిసిన చోట సాక్ష్యాలు ఒకసారి పోగుచేస్తే చాలు, ఏటేటా అవే పనికొస్తాయి. ఇప్పుడు గైడు కొనను కూడా అక్కర్లేదు, ఫోనులోకి వచ్చి కూర్చుంది.

“మా పిల్లలకు చదవటమే సరిగా రాదు మాస్టారూ, వాళ్ళు ప్రశ్నలడగటమేమిటి!” అంటారు తోటి అధ్యాపకులు. ఈ మాట నేనూ అన్నాను, చాలాసార్లు అన్నాను. కాని ఇది ఎక్కడినుంచి వచ్చిన మాటో చూడండి. మా తరగతిలో కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్ళు. ఊళ్ళో కరణాన్నీ, షావుకారునూ, కూలి లెక్కలు రాసే మేస్త్రీనీ ప్రశ్న అడిగితే ఏమవుతుందో వాళ్ళ ఇళ్ళల్లో తరతరాలుగా తెలుసు. అలాంటి ఇంటినుంచి వచ్చిన కుర్రవాడు తరగతిలో నోరు మెదపకపోతే దాన్ని మందబుద్ధి అనటం మన అజ్ఞానం. పైగా ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని 2021లో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే సంగతి. దానివల్ల ఒక్కటి మాత్రం జరిగింది: రోజు మొత్తంలో ఆ కుర్రవాడు తనకు వచ్చిన భాషలో, తడుముకోకుండా, ఒక మాట అడగగలిగే గంట తెలుగు గంట ఒక్కటే మిగిలింది. ఆ గంటలో కూడా మనం ‘వివరింపుము’ అంటున్నాం.

ఈ వ్యవహారాన్ని మనకంటే ముందే పట్టుకున్నవాడు గురజాడే. కన్యాశుల్కం రెండో అంకంలో అగ్నిహోత్రావధాన్లు ఇంటి దృశ్యం గుర్తుచేసుకోండి. పట్నంలో చదువుకుంటున్న వెంకటేశం గురువుగారితో సహా ఇంటికి వచ్చాడు. మేనమామ కరటకశాస్త్రి మేనల్లుణ్ణి ఒక పద్యం చదవమంటాడు. వాడు నలదమయంతుల పద్యం గడగడా చదువుతాడు. అక్కడితో ఆగితే అందరికీ ఆనందమే. కాని శాస్త్రి ఆ పద్యంలో ఒక సమాసానికి అర్థమేమిటని అడుగుతాడు. వెంకటేశం ఇంటికప్పు వైపు చూస్తాడు. అప్పుడు గిరీశం అడ్డం వస్తాడు: పసివాడు, వాడికేం తెలుస్తుంది, ఇప్పటికి పద్యాలు వల్లె వేయించటమే పద్ధతి అని సర్దిచెబుతాడు. తెల్లవాళ్ళ బళ్ళలోకి కూడా వేదపాఠశాల పద్ధతే వచ్చిపడిందా అని శాస్త్రి విస్తుపోతాడు. తల్లికి మాత్రం కొడుకు గురువుతో ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని ముచ్చట. వాళ్ళిద్దరూ ఒకరికొకరు సంబంధంలేని ఇంగ్లీషు ముక్కలు అప్పజెప్పుకుంటారు. తల్లి మురిసిపోతుంది.

ఈ దృశ్యాన్ని హాస్యమని చదివి వదిలేస్తాం. మా గైడుల్లో ఇది ‘గురజాడ హాస్యము’ శీర్షిక కింద వస్తుంది. నా మటుకు నాకు ఇది తెలుగు సాహిత్యంలో విద్యమీద వచ్చిన విమర్శల్లోకల్లా పదునైనది. అర్థం అడిగినవాడు ఒక్కడే. అతను బడిపంతులు కాదు, రాజుగారి నాటక కంపెనీ విదూషకుడు. అర్థం అడిగినందువల్ల ఇబ్బందిపడ్డవాడు శిష్యుడైతే, ఆ ప్రశ్నను పక్కకు తోసినవాడు గురువు. గిరీశం శిష్యుడిమీద ప్రేమకొద్దీ అడ్డం వచ్చాడనుకుంటే పొరపాటు. వెంకటేశం పరీక్ష తప్పిన సంగతీ, తాను వాడికి చెబుతున్న చదువు సంగతీ బయటపడతాయని వచ్చాడు. తనతో మాట్లాడటమే పెద్ద చదువని శిష్యుణ్ణి నమ్మించినవాడు ఆయన. విద్యార్థి అజ్ఞానం బయటపడితే దానివెనక గురువు అజ్ఞానం బయటపడుతుంది. అందుకే ప్రశ్న పుట్టకుండా చూడటం గురువుకు అవసరం.

ఈ మాట రాస్తున్న నేను ఏ పాత్రలో ఉన్నానో చెప్పాలి కదా. నాలుగేళ్ళ కిందటి సంగతి. ఉత్తరాంధ్రలో ఒక చిన్న పట్నంలో పాఠం చెబుతున్నాను. కన్యాశుల్కం పాఠ్యభాగం. నేను దాన్ని మామూలుగా చెప్పనని, అభ్యుదయ దృక్పథంతో చెబుతానని నాకు గర్వం ఉండేది. భూస్వామ్య వ్యవస్థ శిథిలమవుతున్న దశ, వలస పాలనలో తలెత్తిన మధ్యతరగతి, ఆడపిల్లను సరుకుగా మార్చిన ఆర్థిక సంబంధాలు - ఇవన్నీ ఉత్సాహంగా చెప్పాను. సుబ్బి ధర 1800 రూపాయలన్న చోట కొంచెం నాటకీయంగా ఆగాను కూడా. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. ఏడాదిలో ఎన్నడూ నోరు విప్పనివాడు. తండ్రి హైదరాబాదులో తాపీ పని.

“సార్, మా నాన్నమ్మకు ఓలి ఇచ్చే చేసుకున్నాడంట మా తాత. అది కూడా కన్యాశుల్కమేనా?”

కొందరు నవ్వారు. నేను “అది వేరు, కూర్చో” అన్నాను. వాడు కూర్చోలేదు. “మరి మా అక్కకు మేం కట్నం ఇచ్చాం సార్. ఇచ్చేది ఎప్పుడు మారింది?” అన్నాడు.

నేనన్న మాట ఇప్పటికీ జ్ఞాపకముంది. “అది సిలబస్‌లో లేదయ్యా” అన్నాను. పాఠం ముందుకు నడిచింది.

రెండు వారాలకు ఇంటర్నల్ పరీక్ష. దిద్దుతూ కూర్చున్నాను. కాగితం తరువాత కాగితంలో ‘శిథిలమవుతున్న భూస్వామ్య వ్యవస్థకు కన్యాశుల్కం దర్పణం’ అన్న వాక్యం. అది గైడులోది కాదు, నాది. నేను నోట్సు చెప్పిన వాక్యం. ఆ కుర్రవాడి కాగితంలోనూ అదే ఉంది, అక్షరం పొల్లుపోకుండా. ఓలి లేదు, అక్క లేదు, కట్నం లేదు. ఎర్ర సిరాతో వాడికి మంచి మార్కులే వేశాను. వేసిన తరువాత చాలాసేపు ఆ కాగితాన్ని పక్కన పెట్టలేకపోయాను. వెంకటేశం ఇంటికప్పు వైపు చూస్తే, గిరీశం కుర్చీలో కూర్చున్నది నేను.

మన శిబిరంలో ఈ విషయాన్ని బాహాటంగా మాట్లాడుకోం. ఛాందస పండితుడు అలంకారాలు వల్లె వేయిస్తాడని మనం ఎగతాళి చేస్తాం. మనం వర్గ దృక్పథాన్ని వల్లె వేయిస్తున్నాం. ఉత్ప్రేక్ష ఎక్కడుందో చూపించమని ఆయన అంటే, భూస్వామ్య అవశేషాలు ఎక్కడున్నాయో చూపించమని మనం అంటాం. పద్యంలో దేన్ని వెతకాలో రెండుచోట్లా ముందే చెప్పేశాం. పాలో ఫ్రేరే అనే బ్రెజిల్ విద్యావేత్త 1968లో రాసిన పుస్తకంలో ఈ రకం చదువును బ్యాంకులో డబ్బు జమచెయ్యటంతో పోల్చాడు: పంతులు జమచేస్తాడు, పిల్లవాడు ఖాతా. మనలో చాలామంది ఆ పుస్తకం చదివాం, దానిమీద ఉపన్యాసాలు చెప్పాం. ఆ ఉపన్యాసాల చివర ఎవరైనా ప్రశ్న అడిగారా అంటే, టైము చాలలేదనే జవాబు! ఫ్రేరేను కూడా జమచేసిన ఘనులం.

ఇక ఆ కుర్రవాడి ప్రశ్న. అది అమాయకపు ప్రశ్న అని నేను అనుకున్నాను. కాదని తెలుసుకోవటానికి నాకు ఆరు నెలలు పట్టింది. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో అచ్చయింది. దానికి గురజాడ ఇంగ్లీషులో పీఠిక రాశాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలకు విజయనగరం మహారాజా ఒక జాబితా తయారు చేయించిన సంగతి అందులో చెప్పాడు. జాబితా సమగ్రం కాదు. అయినా లెక్కకు వచ్చిన పెళ్ళిళ్ళు 1034. వాటిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6. ఏడాది పసికందులు ముగ్గురు. ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు జరిగేవని గురజాడ రాశాడు. ఈ అంకెలను నేను ఏటా తరగతిలో చదివి వినిపిస్తాను. పిల్లలు నిశ్శబ్దంగా వింటారు. కాని ఆ జాబితా ఎవరి పెళ్ళిళ్ళది? బ్రాహ్మణ కుటుంబాలది. ఆ మాట పీఠికలోనే ఉంది. ఏటా చదువుతున్న నేను దానిమీద ఎన్నడూ ఆగలేదు. ఆ కుర్రవాడు పీఠిక చదవకుండానే సరిగ్గా అక్కడ వేలు పెట్టాడు. ‘మా ఇల్లు ఈ లెక్కలో ఉందా?’ అన్నదే వాడి ప్రశ్న సారాంశం.

లేదు. జిల్లాలో మిగిలిన జనం ఇళ్ళల్లో ఓలి అనేది వేరే పునాదిమీద ఉండేది. కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చిన 1909లోనే ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలమీద ఏడు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. వలస పాలకుడి కంటితో రాసిన పుస్తకమే, జాగ్రత్తగా చదవవలసిందే. అయినా అందులో తెలుగు శ్రామిక కులాల పెళ్ళిళ్ళ ప్రస్తావన వచ్చినచోట ఓలి మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మారుమనువు ఉన్న కులాల్లో, ఆడమనిషి చేతికష్టం ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పోతున్నందుకు ఇచ్చే సొమ్ముగా దాన్ని అర్థం చేసుకోవచ్చు. విడిపోతే ఓలి తిరిగి ఇచ్చే ఆచారం చాలాచోట్ల ఉండేది. పసిపిల్లను ముసలివాడికి అమ్మటానికీ దీనికీ పేరులో పోలిక ఉండవచ్చు, అర్థంలో చాలా దూరం. అంటే “అది వేరు” అని నేనన్న మాట నిజమే! ఎందుకు వేరో తెలియకుండా అన్నాను, అంతే. సరైన జవాబు చెప్పి ప్రశ్నను చంపెయ్యవచ్చునని నాకు అప్పుడు తెలిసింది.

దీనివల్ల గురజాడ చిన్నవాడైపోతాడని భయపడే మిత్రులున్నారు. ఒకాయన, “ఇలా మొదలుపెడితే చివరికి కన్యాశుల్కం బ్రాహ్మణుల నాటకం అని తేల్చేస్తారు, ప్రతీపశక్తులకు ఆయుధం ఇచ్చినట్టవుతుంది” అన్నారు. నాకు ఆ భయం లేదు. గురజాడ తనకు తెలిసిన ఇళ్ళ గుట్టు రట్టుచేశాడు. తెలియని ఇళ్ళ గురించి తెలిసినట్టు నటించలేదు. అది ఆయన నిజాయితీ. ఆ నాటకంలో నౌకరు అసిరి ఉన్నాడు. వాడి పెళ్ళి ఎలా అయిందో నాటకం చెప్పదు. ఎందుకు చెప్పదని అడిగిన విద్యార్థి గురజాడను తక్కువ చెయ్యటం లేదు, గురజాడ ఆపినచోటునుంచి నడుస్తున్నాడు. ఏ ప్రశ్నకు తట్టుకోలేని మహాకవి ఎవరైనా ఉంటే, ఆయన్ను మనం ఎందుకు కాపాడాలి?

వేమన గతి చూడండి. బ్రౌన్ 1829లో అచ్చువేయించిన నాటినుంచి మన బళ్ళలో ఉన్నాడు. రాతికి మొక్కేవాణ్ణీ, కులం చెప్పుకునేవాణ్ణీ, గురువునని చెప్పుకునేవాణ్ణీ నిలదీసి అడిగిన మనిషి. అతన్ని నీతిపద్యాల జాబితాలో చేర్చి, నాలుగో తరగతి పిల్లలచేత చేతులు కట్టించి చెప్పిస్తున్నాం.

ప్రశ్న అడగటం మన సంప్రదాయంలో లేదని, అది పడమటినుంచి వచ్చిందని వాదించేవాళ్ళకు నన్నయ సభాపర్వం ఒక్కటి చాలు. జూదంలో ఓడిన ద్రౌపదిని సభకు తీసుకురమ్మని దుర్యోధనుడు ప్రాతికామిని పంపిస్తాడు. ఆమె కదలదు. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, లేక ముందు నన్ను ఓడాడా, సభను అడిగి రమ్మంటుంది. తనను తాను ముందు ఓడినవాడికి భార్యను పణం పెట్టే హక్కు ఎక్కడిది? సభలో అంతమంది పెద్దలున్నారు. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకుంటాడు. జవాబు చెప్పినవాడు కౌరవుల్లో చిన్నవాడు వికర్ణుడు. వాణ్ణి కర్ణుడు చిన్నవాడివి కూర్చోమంటాడు. మా తరగతిలో ఇంతకాలం దీనికి అడిగిన ప్రశ్న ‘ద్రౌపది పాత్ర చిత్రణము వివరింపుము’. పతివ్రత, ధైర్యవతి, వాక్చాతుర్యము గలది అని మూడు ఉపశీర్షికలు. ఒక ఏడాది ఇవన్నీ పక్కనబెట్టి, “ఆమె ప్రశ్నకు మీరు సభలో ఉంటే ఏం చెబుతారు?” అని మాత్రం అడిగి ఊరుకున్నాను.

ఊరుకోవటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త తరగతి గదుల్లో జరిగిన సంభాషణలను రికార్డు చేసి 1970ల్లో ఒక సంగతి చెప్పింది: ఉపాధ్యాయులు ప్రశ్న అడిగిన తరువాత సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారు, వెంటనే తామే జవాబు చెప్పటమో, ఇంకో ప్రశ్న వెయ్యటమో చేస్తారు. మూడు సెకన్లు ఆగితే చాలు, జవాబులు పొడుగవుతాయి, వెనకబడ్డవాళ్ళనుకున్నవాళ్ళు నోరు విప్పుతారు, పిల్లలు ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఇంకో సంగతి కూడా ఆమె గమనించింది. తెలివైనవాళ్ళని తాము ఎంచినవాళ్ళ జవాబుకోసం ఉపాధ్యాయులు ఎక్కువసేపు ఆగుతారట, మొద్దులని ఎంచినవాళ్ళ దగ్గర తక్కువసేపు. ఎవరి జవాబుకోసం ఎంతసేపు ఆగాలన్నది కూడా సంపద పంపకంలాగే జరుగుతోందన్నమాట. నా గడియారంలో మూడు సెకన్లు మూడు గంటలుగా గడిచాయి. ఎవరో దగ్గారు. అప్పుడు ముందు బెంచీలోంచి కాదు, కిటికీ పక్కనుంచి ఒక అమ్మాయి అంది: “సార్, ఆ ప్రశ్నను సభలోకి మోసుకెళ్ళింది కూడా నౌకరే కదా. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదే?”

ప్రాతికామి గురించి నేను చదివిన విమర్శ గ్రంథాల్లో ఒక్క పేరా ఎక్కడా జ్ఞాపకం లేదు.

అన్నీ ఇలా పండలేదని చెప్పాలి. చాలా గంటలు వృథా అయ్యాయి. జవాబు ఒకటే ఉందని నమ్మి పన్నెండేళ్ళు చదివినవాళ్ళు, నువ్వేమనుకుంటున్నావని అడిగితే, ఇందులో ఏదో కిటుకు ఉందని అనుమానిస్తారు. సరైనది నా ముఖంలో వెతుకుతారు. నేను కనుబొమ ఎత్తితే మాట మార్చేస్తారు. గట్టిగా మాట్లాడేవాళ్ళు నలుగురే మాట్లాడి మిగిలినవాళ్ళు పాత మౌనంలోకే పోవటం కూడా జరిగింది. చిన్నప్పుడు చందమామలో బేతాళ కథ చివర ప్రశ్న వచ్చినప్పుడు పేజీ తిప్పకుండా మా అన్నా నేనూ పోట్లాడుకునేవాళ్ళం. విక్రమార్కుడి జవాబు మాకు నచ్చని సందర్భాలూ ఉండేవి. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బేతాళుడు బెదిరిస్తాడు. మా పిల్లల భయం ఇంకో రకం, చెబితే తల పగులుతుందని.

ఓలి కథకు వస్తాను. ఆ కుర్రవాడు వెళ్ళిపోయేలోగా, మూడో సంవత్సరంలో, ఆ ప్రశ్నను మళ్ళీ నేనే తరగతిలో పెట్టాను. అది ఎవరిదో కూడా చెప్పాను. దసరా సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రమ్మన్నాను: తాతల పెళ్ళికి ఎవరు ఎవరికి ఏమిచ్చారు, తండ్రుల పెళ్ళికి ఏమిచ్చారు, అక్కచెల్లెళ్ళ పెళ్ళికి ఏమిచ్చారు. సగం మందికి పైగా తెచ్చారు. కొన్ని ఇళ్ళల్లో ఓలి, కొన్ని ఇళ్ళల్లో మొదటినుంచీ కట్నమే, కొన్నిచోట్ల చీరా రవికా తప్ప ఏమీ లేదు. ఒకే ఇంట్లో తాత ఓలి ఇచ్చి, తండ్రి ఏమీ పుచ్చుకోక, మనవరాలికి మాత్రం అప్పుచేసి కట్నమిచ్చిన సందర్భాలు చాలా కనిపించాయి. వరకట్నాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1961లో. మా పిల్లలు తెచ్చిన లెక్కల్లో కట్నం ఇళ్ళల్లోకి వచ్చింది ఎక్కువగా ఆ తరువాతే! ఈ ఒక్క సంగతిమీదే ఒక గంట నడిచింది.

నాకు సిద్ధాంతం సిద్ధంగా ఉంది. శ్రమలో ఆడమనిషి విలువ ఉన్నంతకాలం ఓలి, ఆమె పొలంనుంచి ఇంటికి పరిమితమైనప్పుడు కట్నం అని బల్లమీద గుద్ది చెప్పాను. నిజం చెప్పొద్దూ, చెబుతున్నప్పుడు నా గొంతు నాకే బాగుంది. ప్రాతికామి గురించి అడిగిన అమ్మాయే లేచింది.

“మా అమ్మ ఇప్పటికీ నాట్లకు వెళుతుంది సార్. మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ వెళతారు. పని ఆగలేదు, కట్నం వచ్చింది. మీరు చెప్పింది మా ఊరికి సరిపోలేదు.”

ఈసారి నేను మూడు సెకన్లకంటే ఎక్కువే ఆగాను. వేరే దారి లేక. తరువాత, “నాకు తెలియదమ్మా, చూద్దాం” అన్నాను. నా ఉద్యోగ జీవితంలో తరగతిలో ఆ మాట అనటం అదే మొదలు. వాళ్ళు నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. ఇంకొకతను లేచి, మగవాళ్ళు వలసపోయి నెల జీతం తేవటం మొదలుపెట్టాక వాళ్ళ రేటు పెరిగిందేమో అన్నాడు. చదువుకున్న పెళ్ళికొడుకుల వల్లే వచ్చిందని ఒకరన్నారు. పై కులాలను చూసి నేర్చుకున్నారని మరొకరు. చివర బెంచీలో ఒక పిల్ల, ఈ లెక్కల్లో మనం డబ్బు ఎంతో అడిగాం గాని ఆ పెళ్ళి ఇష్టమేనా అని నాన్నమ్మలను ఎవరూ అడగలేదే అంది. గంట కొట్టారు. ఎవరూ లేవలేదు, పక్క గదినుంచి గణితం అధ్యాపకుడు వచ్చి తలుపు దగ్గర నిలబడేదాకా.

ఆ ఏడాది ఇంటర్నల్ పరీక్షకు రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమన్నాను. ఒకటి, “గురజాడ పీఠికలోని జాబితాలో మీ ఊరి పెళ్ళిళ్ళు ఎందుకు లేవు? ఉంటే ఆ జాబితా ఎలా ఉండేది?” రెండోది, మా శాఖలో మిగిలినవాళ్ళు ఊరుకోరని చేర్చినది, “గిరీశము పాత్రను వివరింపుము”. ఎక్కువమంది గిరీశాన్నే ఎంచుకున్నారు. మొదటిదాన్ని ఎంచుకున్నవాళ్ళు కొద్దిమంది. వాళ్ళ కాగితాల్లో అక్షరదోషాలు ఎక్కువ, పేరాలు సరిగా లేవు, ఒక్కరిది ఇంకొకరితో పోలలేదు. దిద్దటానికి మామూలు కంటే మూడు రెట్లు సమయం పట్టింది. ప్రశ్నలు మార్చమని అధ్యాపకులకు ఉపన్యసించేవాళ్ళు ఈ దిద్దుబాటు సంగతి కూడా ఆలోచించాలి. ఖాళీ పోస్టులు నింపకుండా, ఒక్కొక్కరి చేతిలో వందల కాగితాలు పెట్టి, సృజనాత్మకంగా అడగండి అనటం ఆజ్ఞాపత్రాల్లో తేలిక.

మొదటిసారి ఓలి గురించి అడిగిన కుర్రవాడి కాగితం వెతికి తీశాను. వాడు గిరీశం రాశాడు. ధూర్తుడు, వాచాలుడు, ఆంగ్లవిద్యా వ్యామోహి. కింద గీతలు కూడా గీశాడు. మర్నాడు వరండాలో కనబడితే, “అదేమయ్యా, నీ ప్రశ్నే కదా ఇచ్చాను, రాయలేదేం?” అన్నాను.

“అది క్లాసులో మాట్లాడుకుందాం సార్,” అన్నాడు. “బీఈడీ సీటుకు మార్కులు కావాలి.”